కాలు తీసే ముందు అడగాల్సిన ప్రశ్న: పాదం దాకా రక్తం వస్తోందా?

ప్రశ్న: మా అమ్మకు 59 ఏళ్ళు. షుగర్ వచ్చి 14 ఏళ్ళయింది. నాన్నతో కలిసి తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మే నెలలో మిట్టమధ్యాహ్నం గుళ్ళో ప్రదక్షిణలు చేసి వచ్చాక కుడి బొటనవేలి కింద బొబ్బ లేచింది. నొప్పి లేదని ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ ఆరు వారాలు రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కడిగి డ్రెస్సింగ్ చేశాడు, మూడు రకాల యాంటీబయాటిక్స్ మార్చాడు. ఇప్పుడు బొటనవేలు నల్లబడింది. పుండు లోతుగా ఉంది, వాసన వస్తోంది, పాదం వాచింది. నిన్న టౌన్లో ఒక సర్జన్ చూసి మోకాలి కింద నుంచి తీసేయాలి, రెండు రోజుల్లో ఏ సంగతీ చెప్పండి అన్నారు. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 11.2 ఉంది. అమ్మ 'కాలు తీస్తే నేను బతకను' అని ఏడుస్తోంది. బంధువుల్లో ఒకరు పసరు కట్టు కట్టిద్దాం అంటున్నారు, ఇంకొకరు క్యూబా ఇంజెక్షన్ అంటున్నారు. కాలు నిలబెట్టుకునే దారి ఉందా? పాదం ఫొటో, రిపోర్టులు పంపుతున్నాను. – ఒక కొడుకు

జవాబు: దారి ఉండే అవకాశం ఉంది. కానీ ఉందో లేదో తేల్చడానికి కావలసిన ముఖ్యమైన కాగితమే మీరు పంపిన రిపోర్టుల్లో లేదు. రక్తపరీక్షలు ఉన్నాయి, పాదం ఎక్స్‌రే ఉంది, మత్తు ఇవ్వడానికి అవసరమని తీయించిన ఈసీజీ కూడా ఉంది. మీ అమ్మగారి పాదం దాకా రక్తం ఎంత వస్తోందో కొలిచిన రిపోర్టు ఒక్కటీ లేదు. ప్రాణం మీదికి వస్తే తప్ప, ఆ కొలత లేకుండా ఎవరి కాలూ తీయకూడదు. నేను మీకు చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. మిగతాదంతా దాని చుట్టూనే.

ముందు ఇవాళ జరగాల్సిన పని చూద్దాం. రెండు రోజులు గడువు ఇచ్చారు కదా అని ఇంట్లో కూర్చుని చర్చించుకోవద్దు. వాసన, వాపు, లోతు మూడూ ఉన్నాయంటే లోపల ఇన్ఫెక్షన్ ముదిరిందని అర్థం. ఆమెను ఇవాళే పెద్ద ఆసుపత్రిలో చేర్చండి. జ్వరం లేదు కదా అని ధైర్యపడకండి. షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్ళకు పాదంలో ఎంత ఇన్ఫెక్షన్ ఉన్నా చాలాసార్లు జ్వరం రాదు, తెల్ల రక్తకణాలు కూడా పెరగకపోవచ్చు. ఒకవేళ చలితో జ్వరం రావడం, మాట తడబడటం, మగతగా పడి ఉండటం, వాంతులు, ఎరుపు పిక్కల వైపు పాకడం, పుండు పక్కన నొక్కితే చర్మం కింద గరగరలాడటం, వీటిలో ఏది కనిపించినా ఇక గంటల లెక్క. అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రికి బయలుదేరే ముందు ఒక చిన్న పని. ఫొటోలో ఆమె రెండో వేలికి మెట్టె ఇంకా ఉంది, వేలు దాని చుట్టూ ఉబ్బిపోయింది. వాచిన వేలికి మెట్టె బిగుసుకుంటే అది దారం కట్టినట్టే, ఆ వేలికి కూడా రక్తం ఆగిపోతుంది. సబ్బు నీళ్ళతో తడిపి తీయడానికి చూడండి, రాకపోతే లాగకండి, ఆసుపత్రిలో కత్తిరిస్తారు. నాన్నగారు ఉండగా మెట్టె తీయనని ఆమె అనొచ్చు. మా దగ్గరికి వచ్చే చాలామంది తల్లులు అంటారు. నాన్నగారి చేతనే తీయించి, కడిగి దేవుడి గూట్లో పెట్టించండి. పాదం నయమయ్యాక మళ్ళీ ఆయన చేతనే పెట్టించుకోవచ్చు.

చేర్చిన వెంటనే జరగాల్సింది చీముకు దారి ఇవ్వడం. పుండు తెరిచి, చీము వదిలి, చచ్చిన కండ తీసేస్తారు. బహుశా నల్లబడిన బొటనవేలు కూడా తీయాల్సి రావచ్చు. దీనికి మాత్రం రక్తనాళాల పరీక్షల కోసం ఆగకూడదు. లోపల చీము నిలవ ఉన్నంతకాలం ఏ యాంటీబయాటిక్ పని చేయదు. ఆ సమయంలోనే లోపలి కండ ముక్క తీసి కల్చర్‌కు పంపమని అడగండి. ఆరు వారాల్లో మూడు మందులు మారాయి, ఒక్కసారి కూడా ఏ క్రిమి ఉందో చూడలేదు. పైపైన దూదితో తుడిచి పంపే కల్చర్‌కు పెద్దగా విలువ లేదు, లోపలి ముక్క కావాలి. అలాగే సన్నని స్టీలు కడ్డీతో పుండు లోపల తడిమినప్పుడు ఎముక తగులుతోందా అని అడగండి. తగిలితే ఎముకకు కూడా ఇన్ఫెక్షన్ పాకి ఉండొచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, అవసరమైతే ఎంఆర్ఐ తీస్తారు. ఎముకకు పాకితే ఆ ముక్క తీసేయడమో, సుమారు ఆరు వారాలు మందులు వాడటమో చేయాలి. అంతేగాని ఎముక దాకా పోయింది కాబట్టి కాలు తీయడమే అన్న మాట నిజం కాదు.

సంతకం పెట్టేటప్పుడు కాగితం మీద ఏ ఆపరేషన్ అని రాశారో చదివి, అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకున్నాకే పెట్టండి. చీము వదలడానికి సంతకం వేరు, మోకాలి కింద తీయడానికి సంతకం వేరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీది డెల్టా ప్రాంతం కాబట్టి ఇది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. పాదం అంటే ఒంటికి శివారు భూమి. గుండె దగ్గర నుంచి వచ్చే నీరు తొడ దాటి, మోకాలు దాటి, అక్కడి నుంచి మూడు పిల్ల కాలువలుగా చీలి పాదానికి చేరుతుంది. పొగ తాగేవాళ్ళకు ఎక్కువగా పై కాలువలోనే అడ్డు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు మోకాలి కింద ఆ మూడు పిల్ల కాలువలు పూడిపోతాయి. పూడిక గట్టిపడి సున్నంలా పేరుకుంటుంది. ఎగువ పొలానికి నీరందినా శివారు చేను ఎండిపోయినట్టు, తొడ దగ్గర నాడి బాగా కొడుతుంది, వేలు మాత్రం నల్లబడుతుంది. మామూలుగా ఇలాంటప్పుడు నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, రాత్రిళ్ళు పాదం సలుపుతుంది. కానీ మీ అమ్మగారికి నరాల్లో స్పర్శ పోయింది. కాలిన బొబ్బే తెలియనామెకు ఈ నొప్పి ఎలా తెలుస్తుంది?

అందుకే కొలవాలి. మొదటిది చాలా తేలిక. బీపీ పట్టీని చీలమండ పైన కట్టి, చేతిలో పట్టుకునే చిన్న డాప్లర్ యంత్రంతో అక్కడి రక్తపోటు చూస్తారు. దాన్ని చేతి రక్తపోటుతో భాగిస్తారు. 0.9 కన్నా తక్కువ వస్తే నాళాల్లో అడ్డు ఉన్నట్టు. అయితే షుగర్ ఉన్నవాళ్ళ దగ్గర ఈ లెక్క మోసం చేస్తుంది. నాళం గోడలు సున్నంతో గట్టిపడితే పట్టీ ఎంత బిగించినా నలగవు, అంకె 1.3, 1.4 అని గొప్పగా కనిపిస్తుంది. 'రక్తం బ్రహ్మాండంగా ఉంది' అని పంపేస్తారు. కాబట్టి ఆ అంకె ఒక్కటే చాలదు, కాలి వేలి దగ్గర రక్తపోటు కూడా చూడాలి. బొటనవేలు పాడైతే రెండో వేలి మీద చూస్తారు. అది 30 కంటే తక్కువ ఉంటే రక్తం తెప్పించకుండా పుండు మానడం దాదాపు జరగని పని, తొందరగా నాళాలు తెరిచే ప్రయత్నం చేయాలి. తర్వాత డాప్లర్ స్కాన్. కడుపులో బిడ్డను చూసే స్కాన్ లాంటిదే, సూది లేదు, నొప్పి లేదు. ఏ నాళం ఎక్కడ పూడిందో దాంట్లో చాలావరకు తెలుస్తుంది. ఈ పరీక్షల కోసం ఆపరేషన్ వాయిదా వేయించానని మీరు బాధపడనక్కర్లేదు, చీము వదిలిన మర్నాడే ఇవన్నీ అయిపోతాయి.

అడ్డు ఉందని తేలితే రెండు మార్గాలు. గజ్జ దగ్గర నుంచి సన్నని తీగ పంపి, బుడగతో పూడిక తెరవడం ఒకటి. అదే యాంజియోప్లాస్టీ. గుండెకు చేస్తారని అందరికీ తెలుసు, కాలికీ చేస్తారని చాలామందికి తెలియదు. రెండోది బైపాస్, అంటే ఆమె కాలిలోని సిరనే తీసి, పూడిన చోటు దాటించి కొత్త కాలువ వేయడం. ఏది సరిపోతుందో నాళాల బొమ్మ చూసి వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) చెప్పాలి. ఒక జాగ్రత్త. మీ అమ్మగారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6 ఉంది. యాంజియోగ్రామ్‌లో ఎక్కించే రంగు మందు కిడ్నీల మీద భారం వేస్తుంది. ఈ సంగతి ముందే చెప్పండి. మందు తగ్గించి, సెలైన్ పెట్టి చేసే జాగ్రత్తలు వాళ్ళకు ఉంటాయి. కిడ్నీ భయంతో నాళాల పరీక్షే మానేయడం మాత్రం సరికాదు.

నేను పీజీ చేస్తున్న రోజుల్లో ఒక మిర్చి రైతు వచ్చాడు. పాదం కుళ్ళింది. నాళాలు చూసే ఏర్పాటు మాకు దగ్గర్లో లేదు, చూడాలని గట్టిగా అడిగినవాళ్ళూ లేరు. మోకాలి కింద తీశాం. కుట్లు మానలేదు, అంచులు నల్లబడ్డాయి. అడ్డు తొడలో ఉంది. నెల తిరక్కముందే మోకాలి పైన మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఆపరేషన్ బల్ల మీద రెండోసారి పడుకోబెట్టినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని 'ఈసారి సరిగ్గా చూసే తీస్తున్నారా బాబూ' అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. రక్తం కొలవడం కాలు నిలబెట్టడానికే కాదు, తీయక తప్పని పరిస్థితి వస్తే ఎక్కడ తీస్తే మానుతుందో తెలుసుకోవడానికి కూడా.

మీరు చూపించిన సర్జన్ తప్పు చెప్పారని నేను అనడం లేదు. ఆయన పాదాన్ని చేత్తో ముట్టుకుని చూశారు, నేను ఫొటోలో చూశాను. పాదమంతా కుళ్ళి, మడమ కూడా పోయి, ఇన్ఫెక్షన్ ఒంట్లోకి పాకుతున్నప్పుడు కాలు తీయడమే ప్రాణం నిలిపే వైద్యం. అప్పుడు నేనైనా అదే చెబుతాను. నాళాలు తెరవడానికి వీలే లేకపోవడం, రక్తం తెప్పించినా కుళ్ళు ఆగకపోవడం కూడా జరుగుతాయి. కానీ ఫొటోలో మీ అమ్మగారి మడమ, పాదం వెనుక సగం బాగున్నట్టు కనిపిస్తోంది. అందుకే ఆయన దగ్గరికే వెళ్ళి గొడవ పడకుండా అడగండి: 'డాక్టర్ గారూ, పాదంలో నాడి అందుతోందా? నాళాలు తెరిచే వీలుందేమో వాస్క్యులర్ సర్జన్‌కు ఒకసారి చూపిస్తాం, రిఫరల్ రాసివ్వండి.' మంచి సర్జన్ ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు. మీకు గుంటూరు 25 కిలోమీటర్లు, విజయవాడ మరికాస్త దూరం. హైదరాబాద్‌లో నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది. అయితే ఈ స్థితిలో ఆమెను అంత దూరం ప్రయాణం చేయించొద్దు. ముందు దగ్గరలో చీము వదిలించి, ఆమె కుదుటపడ్డాక ఆలోచించండి.

'కాలు నిలబెట్టుకోవడం' అంటే ఏమిటో కూడా ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. చాలా కుటుంబాలు వేలు తీయడానికి కూడా ఒప్పుకోరు. వారం రోజులు బతిమాలించుకుంటారు, ఆ వారంలో పాదం పోతుంది. నల్లబడి చచ్చిపోయిన వేలు ఏ మందుతోనూ తిరిగి బతకదు. అది పోతే పోనివ్వండి. వేలు లేకుండా నడవొచ్చు. పాదం ముందు సగం పోయినా, మడమ ఉంటే సరైన చెప్పు వేసుకుని తన పనులు తను చేసుకోవచ్చు, రాత్రి లేచి బాత్రూమ్‌కి తనే వెళ్ళొచ్చు. మోకాలి కింద పోతే కృత్రిమ కాలు కావాలి, మోకాలి పైన పోతే ఈ వయసులో ఆ కాలితో నడవడం నేర్చుకోవడం చాలా కష్టం. కాబట్టి పోరాటం వేలి కోసం కాదు, మడమ కోసం. పెద్ద ఆపరేషన్‌తో కాలు పోయిన షుగర్ రోగుల్లో సగం మందికి పైగా అయిదేళ్ళలోపే చనిపోతున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. కాలు తీయడం వల్లే అని కాదు, అలాంటి నాళాలే గుండెలోనూ ఉంటాయి కాబట్టి. ఇది మీకు చెబుతున్నాను, ఆమెకు కాదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే పుండుకి ఇవెందుకు అని ఆపేయకుండా ఉంటారని చెబుతున్నాను.

పసరు సంగతి. కట్టొద్దు. ఏ ఆకు గొప్పదో కాదో అన్న చర్చలోకి నేను వెళ్ళను. లోతైన పుండులో శుభ్రం చేయని ఏ పదార్థమైనా కొత్త క్రిములను తెస్తుంది, బిగించి కట్టిన కట్టు ఉన్న కాస్త రక్తాన్నీ ఆపుతుంది. పసుపు, కాఫీ పొడి, జిల్లేడు పాలు, క్యాప్సూల్ విప్పి చల్లే పొడి, అన్నీ ఇంతే. ఆర్‌ఎంపీ రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ వచ్చేలా కడిగాడని రాశారు. ఆ నురగ చూస్తే మురికి పోతున్నట్టు అనిపిస్తుంది, నిజానికి కొత్తగా పుట్టే కండ కూడా దాంతో చచ్చిపోతుంది. సెలైన్‌తో కడిగి, తడి ఆరిపోకుండా, మరీ నానకుండా కప్పి ఉంచితే చాలు.

క్యూబా ఇంజెక్షన్ కట్టుకథ కాదు. దాని పేరు హెబర్‌ప్రాట్-పి. హవానాలోని జెనెటిక్ ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రం తయారు చేసింది, 2006లో అక్కడ అనుమతి వచ్చింది. చర్మం పెరగడానికి పనికొచ్చే ఒక ప్రొటీన్‌ను పుండు అంచుల్లోకి, అడుగుకి ఎక్కిస్తారు. అదే జాతి ప్రొటీన్ జెల్ రూపంలో మన దేశంలోనూ దొరుకుతుంది. చీము పోయి, చచ్చిన కండ పోయి, రక్తం వస్తున్న పుండుకి ఇలాంటివి కొంత సాయపడొచ్చు. పుండులోని తడిని యంత్రంతో లాగే వాక్ డ్రెస్సింగ్ కూడా ఆపరేషన్ తర్వాత పెద్ద గుంతలు త్వరగా పూడటానికి పనికొస్తుంది. కానీ కాలువలో నీరు రాకుండా చేలో ఎరువు చల్లితే ఏం లాభం? ముందు నీరు. వాట్సాప్‌లో వచ్చిన నంబర్‌కు లక్షలు పంపే ఆలోచన ఎవరైనా చెబితే ఆ డబ్బు యాంజియోప్లాస్టీకి దాచండి.

షుగర్ తగ్గాకే ఆపరేషన్ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చీము ఉన్నంతసేపు షుగర్ దిగదు. ఇన్సులిన్ పెట్టి, చీము తీస్తూనే దించాలి. ఆసుపత్రిలో 140 నుంచి 180 మధ్య ఉంచడానికి చూస్తారు. పుండు మానేదాకా ఇన్సులిన్ ఉంటుంది, 'ఒకసారి మొదలుపెడితే జీవితాంతం' అనే భయం వద్దు. ఆమె వాడే మాత్రల్లో పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉన్నది ఒకటి కనిపించింది. గుండెకు, కిడ్నీకి అది మంచి మందే, కాకపోతే కాలికి పుండు ఉన్నప్పుడు దాన్ని ఆపి ఉంచడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. మీరుగా ఆపకండి, చీటీ చూపించి అడగండి.

తిండి దగ్గర కూడా ఒక మాట. మన ఇళ్ళలో పుండు ఉంటే పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు, చేప వేడి చేస్తాయని అన్నీ మాన్పించి చారు అన్నంతో సరిపెడతారు. ఆ పథ్యం వల్ల ఆమె ఇంకా నీరసపడుతుంది. కొత్త కండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. అన్నం తగ్గించి గుడ్డు, పప్పు, పెరుగు, చేప పెట్టండి. కిడ్నీ అంకె చూసి ఎంత పెట్టాలో డాక్టర్ చెబుతారు.

రక్తం వచ్చింది, చీము పోయింది అనుకుందాం. ఆ తర్వాత చాలా పుళ్ళు మానకపోవడానికి కారణం ఒక్కటే: దాని మీదే నడుస్తారు. దీని వెనుక మన దక్షిణాదితో ముడిపడిన కథ ఉంది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే ఇంగ్లీషు డాక్టర్ 1946లో వేలూరు సీఎంసీకి సర్జన్‌గా వచ్చారు. కుష్ఠువ్యాధి వస్తే వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. ఆయన రోగులను దగ్గరగా గమనించారు. కాలే గిన్నె పట్టుకున్నా, చెప్పులో మేకు దిగినా, నిద్రలో ఎలుక కొరికినా వాళ్ళకు తెలియడం లేదు. వేళ్ళను తినేస్తున్నది కుళ్ళు కాదు, నొప్పి తెలియకపోవడం. పుండున్న పాదానికి పిండికట్టు వేసి, బరువు ఒక్కచోట పడకుండా పాదమంతా పరిచేస్తే ఏళ్ళ తరబడి మానని పుళ్ళు మానాయి. 1966లో ఆయన అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి నుంచి ఈ పద్ధతి షుగర్ పుళ్ళకు వ్యాపించింది. ఇవాళ అరికాలి పుండుకు ప్రపంచమంతా మొదట చెప్పే వైద్యం ఇదే, తీయడానికి వీల్లేని పిండికట్టు లేదా బూటు.

తీయడానికి వీల్లేనిది అని ఎందుకంటే, తీయగలిగితే తీసేస్తారు. నొప్పి లేదు కదా, వంటింటిదాకా నాలుగడుగులే కదా అనిపిస్తుంది. ఆ నాలుగడుగులు రోజుకు ఎన్నిసార్లో లెక్క వేయండి. వారమంతా పుట్టిన లేత కండను ఒక పూట నడక నలిపేస్తుంది. మీ అమ్మగారికి ఇప్పుడే ఆ కట్టు వేయరు. ఇన్ఫెక్షన్, రక్తం లేకపోవడం రెండూ ఉన్నప్పుడు కట్టు లోపల ఏం జరుగుతుందో కనిపించదు, ప్రమాదం. ఇప్పుడు మంచం, చక్రాల కుర్చీ, తీసి చూడగలిగే బూటు. ఆ రెండూ చక్కబడ్డాక కట్టు గురించి మీరే గుర్తు చేయండి, ఎందుకంటే మన దగ్గర డ్రెస్సింగ్ గురించి చెప్పినంతగా దీని గురించి ఎవరూ చెప్పరు. వారానికోసారి పుండు పొడవు, వెడల్పు కొలిచి రాసుకోండి. నాలుగు వారాల్లో సగానికి తగ్గకపోతే ఎక్కడో లోపం ఉంది, మళ్ళీ రక్తం, ఎముక, బరువు మూడూ చూడాలి.

ఇన్ని రోజులు వంటింట్లోకి వెళ్ళొద్దంటే ఆమె ఊరుకోరు. ఇంటి పని ఎవరు చేస్తారన్నది ఇక్కడ వైద్యంలో భాగమే. నాన్నగారు వంట నేర్చుకుంటారా, మీరు కొన్నాళ్ళు ఇంటి నుంచి పని చేస్తారా, ఎవరినైనా పెట్టుకుంటారా, ఆసుపత్రిలో ఉండగానే తేల్చుకోండి. ఇంటికి వచ్చాక తేల్చుకుందాం అంటే వచ్చిన రోజు సాయంత్రానికే ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంటారు.

డబ్బు విషయం. చేరిన వెంటనే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ దగ్గరకు ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని వెళ్ళండి. వేలు తీయడం, నాళాలు తెరవడం, ఏ ఆపరేషన్‌కు ఆ ఆసుపత్రిలో పథకం వర్తిస్తుందో విడివిడిగా అడగండి. ఒకటి ఉండి ఇంకొకటి లేకపోతే రెండూ ఉన్న ఆసుపత్రి ఎక్కడుందో వాళ్ళనే అడగండి. కాలు తీయడం చవక కాబట్టి అదే నయం అనే మాట బంధువుల్లో వస్తుంది. ఆ తర్వాత జీవితాంతం ఒక మనిషి పక్కన ఉండాల్సిన ఖర్చు ఆ లెక్కలో ఎవరూ వేయరు.

ఎడమ కాలిని మర్చిపోకండి. ఈ గొడవలో అందరి కళ్ళూ కుడి కాలి మీదే ఉంటాయి, మంచం మీద ఒత్తిడికి ఎడమ మడమ దగ్గర కొత్త పుండు మొదలవుతుంది. రెండు పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. రోజూ రెండు పాదాలూ, వేళ్ళ మధ్య కూడా నాన్నగారు చూడాలి. ఆయనకు చూపు ఆనకపోతే ఫోన్‌లో ఫొటో తీసి మీకు పంపమనండి. పుండు మానిన వాళ్ళలో నూటికి సుమారు 40 మందికి ఏడాదిలోపు మళ్ళీ వస్తుంది, కాబట్టి ఈ అలవాటు మానిన తర్వాత కూడా ఉండాలి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. గడప లోపల చెప్పులేమిటని ఆమెకు కష్టంగా ఉంటుంది, ఇంటికి మాత్రమే వాడే కొత్త జత విడిగా కొనండి. కుష్ఠు రోగుల కోసం వచ్చిన ఎంసీఆర్ (మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు ఇలాంటి పాదాలకు సరిగ్గా సరిపోతాయి. వేలు తీశాక అయితే పాదం కొలత తీసుకుని చేయించాలి. వేడి నీళ్ళు మీ చెయ్యి పెట్టి చూశాకే ఆమె పాదాల మీద పోయాలి.

గుడికి వెళ్ళొద్దని ఆమెకు చెప్పకండి. ఆ ప్రదక్షిణల వల్లే ఇలా అయిందని అసలే అనకండి. ఆమె ఇప్పటికే మనసులో ఆ మాట అనుకుంటూ ఉంటారు. ఎండకు కాలిన బండ మీద నడిచినప్పుడు మనకైతే మొదటి అడుగుకే కాలు వెనక్కి వస్తుంది. ఆమెకు రాలేదు, ఎందుకంటే ఆ పాదంలో స్పర్శ లేదు. 14 ఏళ్ళలో ఒక్క డాక్టరైనా ఆమె అరికాలికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు తాకించి తెలుస్తోందా అని అడిగి ఉంటే ఆ రోజు మందపాటి నూలు సాక్సులతో, తెల్లవారుజామున వెళ్ళి ఉండేవారు. ఇది చదువుతున్న వాళ్ళలో అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నవాళ్ళు ఈ పరీక్ష ఏడాదికోసారి చేయించండి. రెండు నిమిషాలు పడుతుంది.

కాలు తీస్తే బతకను అన్న మాటకు మీరు 'ఏం కాదులే అమ్మా' అని జవాబివ్వకండి. ఆమె నమ్మరు. 'కాలు నిలబెట్టడానికి ఏమేం చేయొచ్చో అన్నీ చేయిస్తాను, వేలు మాత్రం పోవచ్చు, ఏం చేసినా ముందు నీకు చెప్పే చేయిస్తాను' అని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోండి. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆమెను బయట కూర్చోబెట్టొద్దు.

చేర్పించాక చీలమండ, వేలి రక్తపోటు అంకెలు, డాప్లర్ రిపోర్టు పంపండి. అడ్డు ఏ నాళంలో ఉందో చూసి ఆ తర్వాత ఏం అడగాలో రాస్తాను.